బట్టీ పట్టని పాఠం

మన కళాశాలలో 'బట్టీ' అన్న మాట వినిపించినంతగా మరొక మాట వినిపించదు. పరీక్షలు సమీపిస్తే చాలు, వరండాల్లో, చెట్ల నీడన, గ్రంథాలయం మెట్ల మీద విద్యార్థులు బట్టీ పడుతూ కనిపిస్తారు. అదే ధ్వని గల మాటలు మన వీధుల్లో మరి రెండున్నాయి. ఇటుకలు కాల్చే చోటు బట్టీ. రొట్టెలు కాల్చే పొయ్యి భట్టీ. మొదటి బట్టీని నిందిస్తూ మన వార్షిక సంచికలో ఏటేటా ఎవరో ఒకరు వ్యాసం రాస్తూనే ఉన్నారు. ఈ యేడు నేను మిగిలిన రెండింటిని గురించి రాయదలచుకున్నాను. అందుకు నన్ను పురికొల్పినది ఒక కంప్యూటర్ ఆట అని చెబితే పాఠకులు నవ్వవచ్చు. నవ్విన తరువాతనైనా చివరిదాకా చదవవలసిందిగా నా మనవి.

ఈ విద్యాసంవత్సరం మొదట్లో వసతిగృహంలో కంప్యూటర్ ఆటలను పూర్తిగా నిషేధించాలన్న ప్రతిపాదన వచ్చింది. పెద్దల ఆవేదన నిరాధారమైనది కాదు. తెల్లవార్లూ ఆడి తరగతి గదిలో కునికిపాట్లు పడే విద్యార్థులను నేనూ చూస్తున్నాను. అందువల్ల ఆ ప్రతిపాదనను సమర్థించే ఉద్దేశంతోనే ఒక సాయంకాలం వసతిగృహానికి వెళ్ళాను. అక్కడ ద్వితీయ సంవత్సరం విద్యార్థి ఒకడు ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని ఏదో కట్టడంలో నిమగ్నుడై ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమని, అది ఏమిటని అడిగాను.

"ఇటుకల పొయ్యి సార్. మూడు రోజులు పట్టింది."

చూడ ముచ్చటగానే ఉంది. ఎర్రని ఇటుకలు, మధ్యలో నిప్పు, పైన పొగగొట్టం, దానిలోంచి వెలువడే పొగ. "ఇందులో రొట్టె కాలుతుందా బాబూ?" అన్నాను.

"కాలదు సార్. ఈ ఆటలో రొట్టెకు పొయ్యి అక్కరలేదు. మూడు గోధుమ కట్టలు పక్కపక్కన పెడితే రొట్టె అయిపోతుంది. పొయ్యి అందం కోసం కట్టాను."

ఆ జవాబు నన్ను చాలా రోజులు వెంటాడింది. పొయ్యి ఉన్నది, రొట్టె ఉన్నది. రెంటికీ సంబంధం లేదు. ఆ సంబంధం ఎక్కడ తెగిపోయిందో తెలుసుకోవాలన్న కుతూహలంతో ఆ విద్యార్థినే గురువుగా చేసుకుని కొన్ని సాయంకాలాలు ఆ ఆటను పరిశీలించాను. ఈ వ్యాసం ఆ పరిశీలన ఫలితం.

అతడు ఆడుతున్న ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. 2009లో స్వీడన్ దేశంలో పుట్టింది. 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ దాని నిర్మాతల సంస్థను 250 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. 2023 నాటికి 30 కోట్ల ప్రతులు అమ్ముడయ్యాయని ప్రకటించారు. ఇటువంటివాటిని బతికి బట్టకట్టే ఆటలు అనవచ్చు. ఆటగాడు వట్టి చేతులతో ఒక నిర్జన ప్రదేశంలో కళ్ళు తెరుస్తాడు. చెట్టు కొట్టాలి, పనిముట్టు చేసుకోవాలి, రాయి తవ్వాలి, నిప్పు రాజేయాలి, ఆకలి తీర్చుకోవాలి. రాత్రి పడితే ప్రాణభయం. రాబిన్సన్ క్రూసో కథ చదివిన తరానికి ఈ కల్పన కొత్తది కాదు.

ఈ ఆటలో ఇటుక తయారయ్యే క్రమం ఇలా ఉంటుంది. తవ్విన రాళ్ళు ఎనిమిది పేర్చితే కొలిమి అవుతుంది. నదులు, చెరువుల అడుగున బంకమట్టి దొరుకుతుంది. ఒక మట్టి దిమ్మె నుంచి నాలుగు ముద్దలు వస్తాయి. ఒక్కొక్క ముద్ద కొలిమిలో 10 సెకన్లు కాలితే ఇటుక అవుతుంది. నాలుగు ఇటుకలు కలిస్తే గోడలో పెట్టడానికి ఒక దిమ్మె. ఒక బొగ్గు ముక్కతో ఎనిమిది ముద్దలు కాల్చవచ్చు. లెక్క శుభ్రంగా ఉన్నది. అయితే ఇంత శ్రమపడి చేసిన ఇటుకకు ఆ ఆటలో వేడిని నిలుపుకొనే గుణం లేదు. పొయ్యి చుట్టూ కట్టినా, గోడకు కట్టినా అది రంగు మాత్రమే. కొలిమిలో మాంసం కాలుతుంది, దుంప కాలుతుంది. రొట్టెకు మాత్రం ఆ కొలిమి కూడా అక్కరలేదు.

నేను ఈ లోపం ఎత్తి చూపగా మా విద్యార్థి గురువు ఒప్పుకుని, మరొక ఆట చూపించాడు. దాని పేరు వింటేజ్ స్టోరీ. దీనిలో గోధుమలు నేరుగా రొట్టె కావు. తిరగలిలో విసరాలి. పిండిని నీటితో కలిపి ముద్ద చేయాలి. కుండ కావాలంటే మట్టిని చిన్న చిన్న ముక్కలుగా పేర్చుకుంటూ ఆకారం తేవాలి. దానిని గోతిలో పెట్టి, పైన ఎండుగడ్డి, పుల్లలు, కట్టెలు వరుసగా పరచి నిప్పు పెట్టాలి. ఆట కాలమానంలో చాలా గంటలు గడిచిన తరువాతగాని కుండ చేతికి రాదు. మన కుమ్మరి ఆవం చూసినవారికి ఈ పద్ధతి పరిచితమే. ఇక రొట్టె పొయ్యి దగ్గర మరొక నియమం ఉంది. ముందు కట్టెలు పేర్చి వెలిగించాలి. మంట ఆరి, నిప్పులు మిగిలేవరకు ఆగాలి. అప్పుడుగాని పిండిముద్దలను లోపల పెట్టడానికి వీలుండదు. తొందరపడి తీస్తే రొట్టె సగం కాలుతుంది. పరధ్యానంగా ఉంటే మాడిపోతుంది.

ఈ రెండవ ఆటను చూసినప్పుడు నేను నిషేధపు ఆలోచనను విడిచిపెట్టాను. ఎందుకంటే అది చెప్పిన పాఠం నిజమైన పాఠం. ఇటుక పొయ్యిలో రొట్టెను కాల్చేది మంట కాదు. మంట ఆరిన తరువాత ఇటుక విడిచే వేడి. మూడు నాలుగు గంటలు కట్టెలు మండుతాయి. మొదట పొయ్యి లోపలి కప్పు మసిబారి నల్లబడుతుంది. వేడి బాగా ఎక్కినప్పుడు ఆ మసి కూడా కాలిపోయి ఇటుక మళ్ళీ తెల్లగా బయటపడుతుంది. పనివాడికి అదే గుర్తు; అతనికి ఉష్ణమాపకం అక్కరలేదు. అప్పుడు నిప్పులను పక్కకు లాగి, బూడిద ఊడ్చి, నేలను తడిగుడ్డతో తుడిచి, మూత పెట్టి వేడి అంతటా సమంగా సర్దుకొనేవరకు ఆగుతాడు. తరువాత పిండిముద్దలను పొడవాటి కర్ర పలక మీద పెట్టి లోపలికి జారవిడుస్తాడు. నేల నుంచి తాకే వేడి అడుగును కాలుస్తుంది. కప్పు నుంచి ప్రసరించే వేడి పైభాగాన్ని ఎర్రబరుస్తుంది. లోపల తిరిగే వేడిగాలి పక్కలను కాలుస్తుంది. భౌతికశాస్త్రం పాఠంలో ఉష్ణవహనం, సంవహనం, వికిరణం అని మన విద్యార్థులు బట్టీ పట్టే మూడు మాటలు ఆ గుమ్మటం కింద ఏకకాలంలో పనిచేస్తాయి.

ఆ వేడి క్రమంగా తగ్గుతుంది. తగ్గే వేడిని కూడా వృథా పోనివ్వకపోవడం పనివాడి నేర్పు. తీవ్రమైన వేడిలో పలుచని రొట్టెలు, తరువాత దళసరి రొట్టెలు, ఆ తరువాత బిస్కెట్లు, చివరి గోరువెచ్చదనంలో మరునాటి కట్టెలను ఆరబెట్టడం. ఒక్క మంటతో ఇన్ని పనులు. ఇటుక సంగతీ అంతే. పచ్చి ఇటుకను నీడన, ఎండన బాగా ఆరబెట్టకుండా కాలిస్తే లోపలి తేమ ఆవిరై ఇటుక పగులుతుంది. సుమారు 500, 600 డిగ్రీల దగ్గర మట్టిలో రసాయనికంగా బంధింపబడిన నీరు కూడా విడిపోతుంది. ఆ తరువాత అది ఎన్నటికీ తిరిగి బురద కాదు. మామూలు ఇటుక గట్టిపడడానికి 900 నుంచి 1000 డిగ్రీల వేడి కావాలి. సుమారు 4500 సంవత్సరాల క్రితం మొహెంజొదారోలో కాల్చిన ఇటుకలు, పొడవు, వెడల్పు, మందం 4:2:1 నిష్పత్తిలో, నేటికీ నిలిచి ఉన్నాయంటే కారణం అదే.

కాబట్టి ఒక ఆట మన విద్యార్థికి తిరగలి తరువాత పిండి, పిండి తరువాత ముద్ద, మంట తరువాత నిరీక్షణ, నిరీక్షణ తరువాత రొట్టె అని నేర్పితే, అది కాలహరణం అని కొట్టివేయడం న్యాయం కాదు. దుకాణంలో కాగితం చుట్టిన రొట్టె కొని తినే తరానికి ఆ క్రమం తెలియడం మేలే. పెద్దలకు నేను చేసే మొదటి మనవి ఇది.

ఇక విద్యార్థులకు. మిత్రులారా, ఆట నేర్పే క్రమం నిజమే. అయితే ఆ క్రమంలో ప్రతి మెట్టు మీద ఒక మనిషి ఉంటాడు. ఆటలో ఆ మనిషి కనిపించడు. తిరగలి విసిరే చేయి నొప్పి పెట్టదు. పొయ్యి ముందు నిలబడినవాడి ముఖం కమలదు. పొగకు కళ్ళు మండవు. అలసటను ఒక గీత రూపంలో తెర మీద చూపవచ్చు. దానిని ఒళ్ళు అనుభవించదు. మట్టి తవ్వినవాడు, ఇటుక కోసినవాడు, పొయ్యి కట్టినవాడు, రొట్టె కాల్చినవాడు, తిన్నవాడు అందరూ ఒక్కడే. నలుగురు మిత్రులు ఒక లోకంలో చేరి పని పంచుకుని ఆడవచ్చునని మీరు అంటారు. ఆడవచ్చు, నేనూ చూశాను. అక్కడ కూడా కూలి లేదు, అప్పు లేదు, యజమాని లేడు. విసుగు పుట్టినవాడు కంప్యూటర్ మూసి నిద్రపోతాడు.

మానవ చరిత్రలో ఇటుక పొయ్యి ఇంత ఒంటరిగా ఎన్నడూ లేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపే నగరాన్ని బూడిదలో కప్పివేసింది. ఆ బూడిద కింద తిరగళ్ళతో, గుమ్మటపు ఇటుక పొయ్యిలతో రొట్టెల కార్ఖానాలు ఎన్నో బయటపడ్డాయి. 1862లో ఒక పొయ్యిలో 80కి పైగా రొట్టెలు, బొగ్గుగా మారి, పెట్టినవి పెట్టినట్లే దొరికాయి. ప్రపంచమంతా ఆ రొట్టెలను చూసి అబ్బురపడింది. 2023 డిసెంబరులో అదే నగరంలో మరొక రొట్టెల కార్ఖానాను పురావస్తు శాఖవారు వెలికితీశారు. ఆ గదులకు బయటి ప్రపంచం కనిపించే కిటికీ లేదు. గోడ పైభాగాన ఇనుప చువ్వలు బిగించిన చిన్న కంతలు మాత్రమే ఉన్నాయి. బానిసలను, గాడిదలను కలిపి అందులో బంధించి గింజలు విసిరించేవారని, గాడిదల అడుగులు తప్పకుండా నేల రాళ్ళలో గాడి కోశారని వారు వివరించారు. రొట్టె దొరికిన 160 సంవత్సరాల తరువాతగాని ఆ చీకటి గది మనకు కనబడలేదు.

పక్కనే ఉన్న హెర్క్యులేనియంలో దొరికిన ఒక రొట్టె మీద ముద్ర ఉన్నది. క్వింటస్ గ్రానియస్ వేరస్ అనే యజమానికి చెందిన సెలెర్ అనే బానిస పేరు అందులో చదవవచ్చు. ఎందరో చక్రవర్తుల శాసనాలు శిథిలమయ్యాయి. ఒక బానిస పేరు రొట్టె మీద మిగిలింది. చరిత్రలో పొయ్యి దగ్గర పనిచేసిన లక్షలాది మందిలో ఇలా పేరు దక్కినవారు ఎందరుంటారు?

ఐరోపాలో మధ్యయుగం నాటి సంగతి చూద్దాం. ఫ్రాన్సులో అనేక గ్రామాల రైతులు తమ ఇంట పిండి కలుపుకున్నా, భూస్వామి పొయ్యిలోనే కాల్చుకోవాలి. అందుకు రుసుము చెల్లించాలి. 1789 విప్లవం తరువాతగాని ఆ హక్కులు రద్దు కాలేదు. పొయ్యి ఎవరిదన్న ప్రశ్న రాజ్యాధికారానికి సంబంధించిన ప్రశ్నగా ఉండేదన్నమాట. మరొక వైపు మొరాకో పట్టణాలలో పేటకొక పొయ్యి ఉండే సంప్రదాయం ఉన్నది. ఇంటింటి నుంచి పిల్లలు పిండిముద్దలను పళ్ళెంలో పెట్టి మోసుకు వస్తారు. పొయ్యి పనివాడు ఏ రొట్టె ఏ ఇంటిదో పొరపడకుండా కాల్చి ఇస్తాడు. ఒక చోట పొయ్యి పీడనకు సాధనమైంది, మరొక చోట ఇరుగుపొరుగులకు కూడలి అయింది. రెండు చోట్లా అది ఒక మనిషి సొత్తుగా, ఒక మనిషి శ్రమగా మాత్రం లేదు.

ఇంత దూరం పోనక్కరలేదు. మన హైదరాబాదు పాతబస్తీలో తెల్లవారకముందే నాన్ భట్టీలు వెలుగుతాయి. పిండిని నాలుగు కోణాలుగా సాగదీసి, గుడ్డ మెత్త మీద పరచి, బావి వంటి భట్టీలోకి వంగి లోపలి గోడకు అంటించి, కాలిన క్షణంలో ఇనుప చువ్వతో ఊడదీసే ఆ పనివాడిని మీరందరూ చూసే ఉంటారు. ఒక నిమిషం ఆలస్యమైతే నాన్ మాడుతుంది. చేయి తడబడితే నిప్పులో పడుతుంది. వింటేజ్ స్టోరీలో మాడిన రొట్టెకు ఆటగాడు నొచ్చుకుని మరొకటి పెడతాడు. ఇక్కడ మాడిన నాన్ ఆ రోజు సంపాదనకు నష్టం.

ఆ భట్టీకి పెట్టిన ఇటుకలు ఎక్కడివి? తెలంగాణలోని ఇటుక బట్టీలకు ఒడిశా పశ్చిమ జిల్లాలైన బలాంగీర్, నువాపడా ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఏటా వలస వస్తాయి. పంట కోతలు ముగిసిన తరువాత దళారి దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని బయలుదేరి, తొలకరి వరకు బట్టీ పక్కనే గుడిసెలో కాపురం ఉంటాయి. భర్త మట్టి తొక్కితే భార్య ముద్ద చేస్తుంది. అచ్చులో వేసి కోసిన ఇటుకలను పిల్లలు తిరగవేస్తారు. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అన్న లెక్కన కడతారు. తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వని చోట్లు కూడా ఉన్నాయి. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. ఆ చట్టం వచ్చి అర్ధశతాబ్ది అవుతున్నా, బట్టీల నుంచి కుటుంబాలను విడిపించారన్న వార్తలు మనం చదువుతూనే ఉన్నాము. మైన్‌క్రాఫ్ట్‌లో 10 సెకన్లకు ఒక ఇటుక. ఇక్కడ ఒక బాలుడి బడి చదువు ఎన్ని ఇటుకలకు సమానమో లెక్క కట్టినవారు లేరు.

ఆటలో ఇదంతా ఎందుకు పెట్టాలి, అది వినోదం కోసం కదా అని ఒక విద్యార్థి నాతో వాదించాడు. అతని మాటలో సబబు ఉంది. ఆట తయారు చేసినవాడిని నేను తప్పు పట్టడం లేదు. కావ్యం చదివి వైద్యం నేర్చుకోలేమని కావ్యాన్ని నిందించము. నా ఫిర్యాదు ఆట మీద కాదు, ఆట దగ్గరే ఆగిపోయే మన మీద. దానికి నిదర్శనంగా ఒక సంఘటన చెప్పి ముగింపుకు వస్తాను. ఆ విద్యార్థి అనుమతితోనే, పేరు లేకుండా ఇది రాస్తున్నాను.

ఇటుకల పొయ్యి కట్టిన ఆ విద్యార్థి కొన్ని నెలల తరువాత ఉపకార వేతనం దరఖాస్తుతో నా దగ్గరకు వచ్చాడు. తండ్రి వృత్తి అన్న చోట 'వ్యాపారం' అని రాశాడు. ఆదాయం చూస్తే వ్యాపారికి ఉండదగినదిగా లేదు. "ఏం వ్యాపారం బాబూ?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "నాన్ భట్టీలో పని చేస్తారు సార్. ఇరవై ఏళ్ళ నుంచి" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. తెర మీద పొయ్యిని మూడు రోజులు కట్టి గర్వంగా చూపించిన కుర్రవాడు అసలు పొయ్యిని దరఖాస్తులో దాచిపెట్టాడు. వాడిని మందలించే అర్హత నాకు లేదు. ఎం.ఏ.లో చేరే రోజున నేను కూడా మా నాన్నగారి వృత్తి గురించి అడిగినప్పుడు గొంతు తగ్గించే జవాబు చెప్పాను. మనల్ని అలా గొంతు తగ్గించేటట్టు చేసినది పేదరికం ఒక్కటే కాదు. చేతి పనిని చదువుకు కింది మెట్టుగా చూసే అలవాటు, ఆ అలవాటును సరిదిద్దని మా పాఠాలు కూడా అందుకు కారణం.

దరఖాస్తు సరిచేసిన తరువాత, "మీ అబ్బాగారికి నీ పొయ్యి చూపించావా?" అని అడిగాను. లేదన్నాడు. చూపించమన్నాను. వారం తరువాత నవ్వుతూ వచ్చాడు. తండ్రి ఆ బొమ్మను సావధానంగా చూసి, "మూతి ఇంత పెద్దదేమిటి? వేడంతా బయటికి పోతుంది" అన్నాడట. పొగ ఎటు పోతుందని, కప్పుకు ఎన్ని వరుసలు పెట్టావని, పైన మట్టి మెత్తలేదేమని అడిగాడట. తండ్రీ కొడుకులు ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నారట. "మా అబ్బాకు ఇంత తెలుసని నాకు తెలియదు సార్" అన్నాడు. ఆ ఆటలో ఇటుకకు వేడి లేదని మొదట చెప్పాను. ఆ రాత్రి దాని మూలంగా ఒక ఇంట్లో మాట కలిసింది కనుక ఆ మాటను కొంత సవరించుకుంటున్నాను.

కళాశాల సంఘంవారికి, విద్యార్థులకు నేను చేయదలచిన సూచనలు మూడు.

మొదటిది: వసతిగృహంలో ఆటలను నిషేధించవద్దు; వేళ నిర్ణయించండి. రాత్రి పది గంటల తరువాత కంప్యూటర్లు మూసివేయాలన్న నియమం పెడితే నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. నిషేధం పెడితే ఆట దుప్పటి కిందకు పోతుంది, నిద్ర ఎలాగూ పోతుంది.

రెండవది: ఏడాదికి కొన్ని రోజులైనా మన విద్యార్థుల ఇళ్ళలోని పనివాళ్ళను, అంటే భట్టీ ఉస్తాదులను, తాపీ మేస్త్రీలను, కుమ్మరులను, కుట్టుపనివారిని వక్తలుగా కళాశాలకు పిలవాలి. వేదిక మీద వారికీ కుర్చీ వేయాలి. భౌతికశాస్త్రం అధ్యాపకులు పక్కన కూర్చుని వారి మాటకు సూత్రం జోడిస్తే, ఏ సూత్రాన్నీ బట్టీ పట్టనవసరం ఉండదు. ఇరవై ఏళ్ళు వేడిని చేత్తో కొలిచినవాడు మనకు చెప్పవలసినది తప్పక ఉంటుంది.

మూడవది విద్యార్థులకు. మన సంచిక రెండు భాషలలో వెలువడుతున్నది. భట్టీ పనిలో వాడే పనిముట్ల పేర్లు, పిండి దశల పేర్లు, మంట తీరులకు చెప్పే మాటలు కొన్ని ఉర్దూలో ఉన్నాయి, కొన్ని తెలుగులో ఉన్నాయి, ఎన్నో రెండూ కలిసి ఉన్నాయి. ఆ మాటలు ఏ నిఘంటువులోను పూర్తిగా లేవు. మీ తండ్రుల, మామల, తాతల నోళ్ళలో ఉన్నాయి. కట్టెల పొయ్యిల స్థానంలో గ్యాసు, విద్యుత్తు పొయ్యిలు వస్తున్న కొద్దీ ఆ మాటలు కూడా ఆరిపోతున్నాయి. వచ్చే సంచికకు ఒక్కొక్కరు పది మాటలు సేకరించి తెండి. ఉర్దూ విభాగంవారు, తెలుగు విభాగంవారు కలిసి దానిని అచ్చు వేయగలరు.

ఆటలో పొయ్యి కట్టుకోండి. మట్టి తవ్వండి, ఇటుక కాల్చండి, మంట ఆరేదాకా ఓపిక పట్టండి. మరునాడు ఉదయం నాన్ కొనడానికి వెళ్ళినప్పుడు మాత్రం చిల్లర అందుకుని వెంటనే తిరిగి రావద్దు. ఒక్క నిమిషం నిలబడి భట్టీ ముందున్న మనిషిని పలకరించండి. దరఖాస్తులో తండ్రి వృత్తి అడిగిన చోట ఉన్నది ఉన్నట్లు రాయండి. ఆ గడిని చూసి మిమ్మల్ని తక్కువగా చూసే అధ్యాపకుడు ఉంటే, దిద్దుకోవలసినది అతడు.